ఓఎం-1 మీటరు ముల్లును నమ్మలేకపోతున్నాను: బ్యాటరీ దోషమా, మీటరే పోయిందా?

అలలంచు

మా బాబాయి 1970ల చివర్లో కొన్న ఒలింపస్ ఓఎం-1 కెమెరా ఈ ఏడాది నా చేతికి వచ్చింది. షట్టర్ అన్ని వేగాల్లోనూ సరిగ్గా పలుకుతోంది, 50 మి.మీ. లెన్సులో ఫంగస్ లేదు, కానీ లైట్ మీటరు మాత్రం రెండు రీళ్ళుగా నన్ను తికమక పెడుతోంది. మైలాపూరు మాడ వీధుల్లో తీసిన ఫొటోలు దాదాపు అన్నీ బాగా వచ్చాయి. కాశిమేడు చేపల రేవులో పొద్దున్నే తీసినవాటిలో సగానికి పైగా నెగెటివ్‌లు పల్చబడిపోయాయి, స్కాన్ చేస్తే నీడల్లో ఏమీ కనిపించలేదు. రెండు చోట్లా నేను కెమెరాలోంచి చూస్తే కనిపించే మీటరు ముల్లును మధ్యలోకి తెచ్చాకే బటన్ నొక్కాను. పైగా ఒక్కోసారి కెమెరాను కదపకపోయినా ముల్లు వణుకుతోంది.

ఇక్కడ చెన్నైలో ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్తే, ఆయన మూత కూడా తెరవకుండా, మీటరు చచ్చిపోయింది, దాని జోలికి పోకండి, ఫోన్‌లో యాప్ పెట్టుకోండి అన్నారు. బ్యాటరీ కొత్తదే వేశాను. ఫోన్ చూసి ఫొటో తీయడం నాకు ఇష్టం లేదు. బాబాయి ఈ ముల్లును చూసే మా పెళ్ళిళ్ళన్నీ తీశారు, అది మళ్ళీ సరిగ్గా పనిచేయాలని నా కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

మల్టీమీటర్

కొత్త బ్యాటరీ అన్నారు సరే, దాని మీద ఏమని రాసి ఉందో చూసి చెప్పండి.

అలలంచు

ఎల్ఆర్9 అనీ, 1.5 వోల్టులు అనీ ఉంది. 625 నంబరు బ్యాటరీ కావాలని అడిగితే దుకాణంలో ఇదే ఇచ్చారు, రెండూ ఒకటే అన్నారు.

మల్టీమీటర్

ఆకారంలో ఒకటే, గుణంలో కాదు. మీ కథలో సగం ఇక్కడే ఉంది.

మైతానీ యోషిహిసా రూపొందించిన ఈ కెమెరా 1972లో ఎం-1 అనే పేరుతో వచ్చి, 1973లో ఓఎం-1గా మారింది. అప్పట్లో ఇలాంటి చాలా కెమెరాలకు పాదరసపు బటన్ సెల్ వాడేవారు, ఆ పీఎక్స్625 సెల్ వోల్టేజి 1.35. అంకె కంటే ముఖ్యమైనది దాని నిలకడ: కొన్న రోజు ఎంత ఇచ్చేదో అయిపోయే ముందు కూడా దాదాపు అంతే ఇచ్చి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోయేది. అందుకే చాలామంది తయారీదారులు వోల్టేజిని అదుపు చేసే ఏర్పాటేదీ లోపల పెట్టకుండా, ఆ సెల్‌నే కొలబద్దగా నమ్ముకున్నారు. పాదరసం విషం కనుక అమెరికా 1996లో చట్టం చేసి ఆ సెల్స్ అమ్మకాన్ని ఆపింది, మిగతా దేశాలూ అదే దారి పట్టాయి. ఆ ఖాళీలోకి వచ్చినదే మీ ఎల్ఆర్9 ఆల్కలైన్ సెల్. అది కొత్తలో 1.5 కంటే కొంచెం ఎక్కువే ఇస్తుంది, వాడుతున్నకొద్దీ మెట్లు దిగినట్టు తగ్గుతూ వస్తుంది. అంటే ఈ నెల మీ మీటరు చెప్పిన తప్పు, వచ్చే నెల చెప్పే తప్పు ఒకటి కావు.

ఇక లోపల జరిగేది ఇది. కంటిద్దానికి, అంటే మనం కన్ను ఆనించి చూసే కెమెరా అద్దానికి, అటూ ఇటూ వెలుగును కొలిచే రెండు కాడ్మియం సల్ఫైడ్ సెల్స్ ఉన్నాయి, ఇవి బ్యాటరీలు కావు. వెలుగు పడితే వాటి నిరోధం తగ్గుతుంది, ఎక్కువ కరెంటు పారుతుంది, ముల్లు లేస్తుంది. 1.35 ఉండవలసిన చోట 1.5 ఇస్తే, వెలుగు పెరగకపోయినా కరెంటు పెరుగుతుంది. బయట వెలుగు ఎక్కువగా ఉందని ముల్లు చెబుతుంది, మీరు నమ్మి ఎపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, చిన్నది చేస్తారు, నెగెటివ్ పల్చగా వస్తుంది.

కేవెయ్యి

పదేళ్ళుగా పెంటాక్స్ కే1000లో మామూలు ఎల్ఆర్44 వేసి వాడుతున్నాను, ఒక్క రీలు కూడా చెడలేదు. ఈ వోల్టేజి భయం అనవసరంగా పెంచుతున్నారని నా అభిప్రాయం. ఒక స్టాపు తేడా, అంటే వెలుగు రెట్టింపో సగమో అయినంత తేడా వస్తుందనుకుంటే, ఫిల్ము వేగాన్ని మీటరుకు చెప్పే ఐఎస్ఓ చక్రాన్ని 400 బదులు 200 మీద పెట్టుకుంటే సరిపోదా?

మల్టీమీటర్

కేవెయ్యి గారూ, మీ కెమెరా 1976లో వచ్చినప్పుడే 1.5 వోల్టుల సెల్ కోసం తయారయింది, అందులో మీకు ఇబ్బంది ఎందుకు వస్తుంది? దాని అన్నగారైన స్పాట్‌మాటిక్ పాదరసపు సెల్‌తోనే వచ్చింది, కానీ అందులో బ్రిడ్జ్ సర్క్యూట్ ఉంది. అది త్రాసు లాంటిది, రెండు పళ్ళేలలోనూ ఒకే లెక్కన బరువు పెరిగితే ముల్లు కదలదు. ఓఎం-1లో ఆ సదుపాయం లేదు. ఒక కెమెరా అనుభవాన్ని ఇంకో కెమెరాకు అంటగడితే ఇలాంటి పొరపాట్లే జరుగుతాయి.

ఐఎస్ఓ చక్రం సంగతి కూడా అంతే. తప్పు అన్ని వెలుగుల్లోనూ సమానంగా ఉంటే చక్రం తిప్పి సర్దుకోవచ్చు. ఎక్కువ వోల్టేజి వల్ల వచ్చే తప్పు అలా ఉండదు, ఎండలో ఒక రకంగా, గదిలో ఇంకో రకంగా ఉంటుంది. ఎండకు సర్దితే గదిలో చెడుతుంది.

కేవెయ్యి

త్రాసు పోలికతో అర్థమయింది, బ్రిడ్జ్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటాను. కానీ కలర్ నెగెటివ్ వాడేవారికి ఐఎస్ఓ చక్రం చిట్కా పూర్తిగా పనికిరాదనడం నేను ఒప్పుకోను. కలర్ నెగెటివ్ ఒకటి రెండు స్టాపుల ఎక్కువ వెలుగును హాయిగా తట్టుకుంటుంది, తక్కువ వెలుగునే తట్టుకోలేదు. తప్పక ఏదో ఒక పక్కకు తప్పాలంటే ఎక్కువ వైపుకు తప్పడం మేలు.

చీకటిగది

ఆ మాట నిజమే, అయితే స్లైడ్ ఫిల్మ్ వాడే రోజున అదే అలవాటు కొంప ముంచుతుంది.

అలలంచు గారూ, మీటరు బాగుచేసుకునేలోగా మీ కంటికి కొంచెం పని చెప్పండి. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు రీళ్ళతో నేను ఫొటోలు తీయడం మొదలుపెట్టిన కాలంలో నా కెమెరాకు మీటరే లేదు. నిండు ఎండలో ఎపర్చర్ ఎఫ్/16 (ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది), షట్టర్ వేగం ఐఎస్ఓ అంకెకు దగ్గరిది. 400 ఫిల్ములో అది 1/500 సెకను. పల్చని మబ్బయితే ఎఫ్/11, నీడ పడనంత మబ్బయితే ఎఫ్/8, దట్టమైన మబ్బుకు ఎఫ్/5.6, పైన ఆకాశం కనిపించే నీడలో ఎఫ్/4. దీన్ని ఫొటో తీయడానికే కాదు, మీటరును పరీక్షించడానికీ వాడవచ్చు. మధ్యాహ్నం నిండు ఎండలో పచ్చగడ్డి మీదికో, పాతబడి బూడిదరంగుకు తిరిగిన తారు రోడ్డు మీదికో కెమెరా తిప్పి చూడండి. మీటరు చెప్పింది ఈ లెక్కకు అర స్టాపు అటూ ఇటూ ఉంటే ఆ వెలుగు వరకూ అది బతికే ఉన్నట్టు. తెల్లగోడను మాత్రం చూపించకండి, తెలుపును కూడా బూడిదరంగుగా భావించి కొలవడం మీటరు స్వభావం.

కొత్తరీలు

అయితే మీటరు లేకుండానే ఈ లెక్కతో అంతా నడిపేయవచ్చా?

టీనగర్_నెగెటివ్

నడపలేరు. సూర్యుడు బాగా పైకెక్కిన తర్వాత ఆ లెక్క చక్కగా కుదురుతుంది. సూర్యోదయం తర్వాత మొదటి గంటలో వెలుగు నిమిష నిమిషానికీ మారుతుంది, గోపురం లోపలి మండపంలో ఆకాశమే కనిపించదు, అక్కడ ఏ సూత్రమూ లేదు. అలలంచు గారి గొడవంతా ఆ పొద్దుటి గంటలోనే కదా.

వణుకు గురించి ఎవరూ మాట్లాడలేదు. వోల్టేజి ఎక్కువైతే ముల్లు తప్పు చోట నిలుస్తుంది, వణకదు. కరెంటు తెగుతూ కలుస్తూ ఉంటేనే వణుకుతుంది. అడుగున బ్యాటరీ మూత తీసి టార్చి వేసి చూడండి. తెల్లని పొడి గానీ పచ్చని చిలుము గానీ ఉంటే, ఎప్పుడో ఒక సెల్ లోపల కారిందన్నమాట.

నా దగ్గరున్న నిక్కోర్‌మాట్ ఎఫ్‌టీఎన్ ముల్లు కూడా ఎగిరిపడేది, కానీ కారణం వేరు. అందులో లెన్సు మౌంటు చుట్టూ ఒక నిరోధపు వలయం ఉంటుంది, ఎపర్చర్ తిప్పినప్పుడు దాని మీద ఒక లోహపు వేలు జారుతుంది. ఆ పట్టీ అరిగినా, మురికి పట్టినా ముల్లు ఎగురుతుంది. ఏళ్ళ తరబడి మూల పడి ఉన్న కెమెరా అయితే ఎపర్చర్ వలయాన్నీ ఐఎస్ఓ చక్రాన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక యాభై సార్లు తిప్పితే చాలాసార్లు మురికి రాలి కుదుటపడుతుంది. నాది కుదుటపడింది. పట్టీ నిజంగా అరిగిపోయి ఉంటే తిప్పి లాభం లేదు.

లాల్‌బాగ్_రీలు

బెంగళూరు నుంచి నా అనుభవం చెబుతాను, నాది కూడా ఓఎం-1. నేను సిల్వర్ ఆక్సైడ్ ఎస్ఆర్44 సెల్ వాడుతున్నాను. అది 1.55 వోల్టులు ఇస్తుంది, పాదరసపు సెల్ లాగే చివరిదాకా నిలకడగా ఉంటుంది. మిగిలిన పని 0.2 వోల్టులు తగ్గించడమే. ఎస్‌పీ రోడ్డులో ఒక షాట్కీ డయోడ్ (కరెంటును ఒకే దిక్కుకు పారనిస్తూ కొంత వోల్టేజి తినేసే చిన్న భాగం) కొని, బ్యాటరీ గది నుంచి మీటరుకు వెళ్ళే తీగలో టంకం వేశాను. మొదటిసారి డయోడ్‌ను తిరగేసి పెట్టడంతో ముల్లు కదలనే లేదు, మీటరును చంపేశానేమోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు తిప్పి పెడితే లేచింది. మూడేళ్ళయింది, ఒకే సెల్‌తో ఏడాది గడుస్తోంది.

టంకం వేయడం రానివారికి, 625 ఆకారంలో లోపలే డయోడ్ పెట్టి అమ్మే అడాప్టర్లు కూడా ఉన్నాయి.

మల్టీమీటర్

మంచి పరిష్కారం, ఒక్క మెలిక ఉంది. డయోడ్ ఎంత వోల్టేజి తినేస్తుందో అందులో పారే కరెంటును బట్టి ఉంటుంది. చీకట్లో కరెంటు తక్కువ కనుక డయోడ్ తినేది కూడా తక్కువ. అంచేత గది వెలుగులో కొద్ది తేడా కనిపించవచ్చు. ఎండలో తీసేవారికి పట్టించుకోనక్కర లేదు.

అలలంచు గారు ముందుగా తీగలు కోయకుండా ప్రయత్నించవలసింది చెవి మిషన్ సెల్. 675 నంబరు జింక్-ఎయిర్ సెల్ 1.4 వోల్టులు ఇస్తుంది, 1.35కు చాలా దగ్గర, నిలకడ కూడా ఉంది. వినికిడి యంత్రాలు అమ్మే ఏ దుకాణంలోనైనా ఆరేసి సెల్స్ ఉన్న అట్ట దొరుకుతుంది. 625 కంటే చిన్నది, వ్యాసం 11.6 మి.మీ. మాత్రమే, కాబట్టి గదిలో అటూ ఇటూ దొర్లకుండా చుట్టూ ఒక రబ్బరు వాషరు కావాలి. పైనున్న స్టిక్కర్ తీసిన తర్వాత గాలి లోపలికి వెళ్ళడానికి కొన్ని నిమిషాలు ఆగి అప్పుడు కెమెరాలో వేయండి. ఆ సన్నని రంధ్రాల మీద టేపు అంటించకండి, అది ఊపిరి తీసుకునే సెల్.

చీకటిగది

చెన్నైలో ఆ ఊపిరే చేటు. స్టిక్కర్ తీసిన క్షణం నుంచి, వాడినా వాడకపోయినా ఆ సెల్ అయిపోతూనే ఉంటుంది, ఈ సముద్రపు తేమలో ఇంకా త్వరగా అయిపోతుంది. నాకు రెండు నెలలకు మించి ఎప్పుడూ రాలేదు. పెళ్ళికో ప్రయాణానికో వెళ్ళేటప్పుడు కొత్తది వేసుకుని వెళ్ళండి.

లాల్‌బాగ్_రీలు

బెంగళూరులో నాకు మూడు నెలల దాకా వచ్చేది. చీకటిగది గారు చెప్పిన తేమ కారణం సబబుగానే ఉంది. స్టిక్కర్ మళ్ళీ అంటిస్తే ఆగిపోతుందని కొందరు చెబుతారు, నేను ప్రయత్నించాను, పెద్దగా ఉపయోగం లేదు.

కొత్తరీలు

పాత పాదరసపు సెల్స్ ఎవరైనా దాచి అమ్మితే కొనవచ్చా?

మల్టీమీటర్

కొనకండి. పాతికేళ్ళు దాటిన సెల్‌లో నమ్మదగినదేమీ మిగలదు, పైగా ఇంట్లోకి విషం తెచ్చుకున్నట్టు. పాత కెమెరాలో అలాంటిది కనిపిస్తే గిల్లి తెరవకుండా ఒక ప్లాస్టిక్ సంచిలో మూసి ఈ-వేస్ట్ తీసుకునేవారికి అప్పగించండి, చెత్తబుట్టలో మాత్రం వేయకండి.

అలలంచు

టీనగర్_నెగెటివ్ గారు ఊహించినట్టే జరిగింది. మూత తీస్తే గది అంచున పచ్చని చిలుము, అడుగున కాంటాక్టు మీద తెల్లని పొర. రిపేరు దుకాణంలో ఈ మూత తీసి ఉంటే వారికీ కనిపించేది. ఇప్పుడు దీన్ని దేనితో శుభ్రం చేయాలి?

టీనగర్_నెగెటివ్

ఆల్కలైన్ సెల్ కారితే వచ్చేది క్షారం, దాన్ని విరిచేది బలహీనమైన ఆమ్లం. ఇయర్‌బడ్‌ను వినెగర్‌లో ముంచి, గట్టిగా పిండి, కేవలం చెమ్మగా ఉన్నదానితో తుడవండి. వినెగర్ లేకపోతే నిమ్మరసం చుక్క చాలు. బుడగలు రావడం ఆగేదాకా బడ్లు మారుస్తూ తుడిచి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిచి, ఫ్యాన్ గాలికి పూర్తిగా ఆరనివ్వండి. ఇంకా మచ్చ మిగిలితే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి, లోహం తళతళలాడాలి. గరుకు కాగితం వాడితే పూత లేచిపోయి మళ్ళీ త్వరగా చిలుము పడుతుంది.

ఒక హెచ్చరిక నా సొంత నష్టం నుంచి చెబుతున్నాను. బడ్‌ను పిండకుండా తుడిచిన ఒక రోజు, వినెగర్ గది అంచు నుంచి లోపలికి జారింది. ఆరు నెలల తర్వాత ఆ తీగ లోపల నుంచే పచ్చబడి తెగిపోయింది. చిలుము తీగ పైతొడుగు కింద చెదపురుగులా పాకుతుంది, పైకి కనిపించదు. గది మెరుస్తున్నా ముల్లు కదలకపోతే అనుమానించవలసింది ఆ తీగనే. అప్పుడు అడుగు పళ్ళెం తీసి తీగ మార్చవలసి వస్తుంది, అది చేయి తిరిగినవారి పని.

లాల్‌బాగ్_రీలు

పై పళ్ళెం మీద ఉన్న మీటరు స్విచ్‌ను కూడా మరచిపోకండి. ఏళ్ళ తరబడి కదలని స్విచ్ కాంటాక్టుల మీద పొర కడుతుంది. బ్యాటరీ తీసేసి ఓ నలభై సార్లు ఆన్ ఆఫ్ చేయండి. పని అయ్యాక ఆఫ్‌లో పెట్టడం కూడా అలవాటు చేసుకోండి, ఓఎం-1 తనంతట తాను మీటరును ఆపదు.

చీకటిగది

శుభ్రం చేసే ముందూ తర్వాతా కొలిచి రాసి పెట్టుకోండి. లేకపోతే ఏది ఏ జబ్బును నయం చేసిందో మనకు తెలియకుండా పోతుంది.

అలలంచు

చీకటిగది గారి మాట ప్రకారం అన్నీ రాసుకుంటూ చేశాను, అందుకే నాలుగు రోజులు పట్టింది. మా మేడ మీది పిట్టగోడను ఎండలో, వరండా గోడను నీడలో, హాలు గోడను రాత్రి ట్యూబ్‌లైటు వెలుగులో, మూడు చోట్లా ఒకే ఐఎస్ఓ మీద డిజిటల్ కెమెరాతోనూ ఓఎం-1తోనూ కొలిచాను. రెండు కెమెరాలకూ ఒకే గోడ ముక్క నిండేలా నిలబడ్డాను కాబట్టి గోడ తెలుపన్నది ఇక్కడ లెక్కలోకి రాదనుకుంటున్నాను.

ఎల్ఆర్9 సెల్‌ను మల్టీమీటరు పెట్టి చూస్తే 1.56 వోల్టులు ఇచ్చింది. దానితో పిట్టగోడ దగ్గర దాదాపు స్టాపున్నర తేడా, వరండాలో ఒక స్టాపు, హాలులో అర స్టాపు. మూడు చోట్లా తప్పు ఒకే దిక్కున ఉంది, లేని వెలుగును ఉన్నట్టు చెప్పింది, ఫొటో చీకటిగా వచ్చే దిక్కే అది. ఐఎస్ఓ చక్రం తిప్పితే సరిపోదని మల్టీమీటర్ గారు ఎందుకన్నారో ఈ మూడు అంకెలు చూశాక నాకు పూర్తిగా బోధపడింది.

తర్వాత గది శుభ్రం చేసి, స్విచ్‌ను కదిపి, అదే ఎల్ఆర్9 మళ్ళీ వేశాను. వణుకు పోయింది, తేడా మాత్రం అలాగే ఉంది. అప్పుడు 675 సెల్ వేశాను, చుట్టూ కుళాయి వాషరు ఒకటి సరిపోయింది. ఇప్పుడు మూడు చోట్లా తేడా అర స్టాపు లోపే. రేపు పొద్దున్నే కాశిమేడుకు వెళ్తున్నాను.

కేవెయ్యి

ఇంత ఓపికగా చేసినందుకు అభినందనలు. వణుకు ఒక జబ్బు, తప్పు చెప్పడం ఇంకో జబ్బు అని ఇంత స్పష్టంగా విడదీసి చూపించడం నేను ఇంతవరకూ చూడలేదు.

అలలంచు

రీలు కడిగించాను. చెప్పడానికి బాధగా ఉంది, కాశిమేడులో తీసిన పద్దెనిమిది ఫ్రేముల్లో ఏడు మళ్ళీ పల్చగా వచ్చాయి. మునుపటంత కాదు గానీ, కనీసం ఒక స్టాపు తక్కువ. అదే రీలులో కపాలీశ్వరాలయం కోనేటి దగ్గర తీసినవి ఒక్కటి కూడా చెడలేదు. ఇంటికి వచ్చి గోడలన్నీ మళ్ళీ కొలిచాను, మీటరు సరిగ్గానే చెబుతోంది. గోడల దగ్గర నిజం చెప్పే మీటరు రేవులో అబద్ధం ఎందుకు చెబుతోంది?

టీనగర్_నెగెటివ్

ఫ్రేములో ఆకాశం గానీ నీటి మీది తళుకు గానీ ఎక్కువగా ఉందేమో చూడండి. ఓఎం-1 మీటరు ఫ్రేమునంతా కలిపి సగటు తీస్తుంది. వెండిలా మెరిసే చేపల గుట్టను చూపిస్తే కూడా దాన్ని బూడిదరంగు చేయబోయి ఫొటోను చీకటి చేస్తుంది.

అలలంచు

అదే నాకూ మొదట తోచింది. కానీ చెడిన ఏడింటిలో అయిదు ముదురు నీలం రంగు పడవల పక్కలు, వలల గుట్టలు, ఆకాశం లేదు, నీరు లేదు. ఆ లెక్కన అవి ఎక్కువ వెలుగుతో రావాలి, వచ్చింది తక్కువ.

కొత్తరీలు

ఎండలోంచి ఒక్కసారిగా నీడలోకి కెమెరా తిప్పారేమో? కాడ్మియం సల్ఫైడ్ సెల్స్‌కు ఇంతకు ముందు చూసిన వెలుగు కాసేపు గుర్తుంటుందని ఎక్కడో చదివాను.

మల్టీమీటర్

బాగా పట్టుకున్నారు, ఆ గుణం నిజంగానే ఉంది. గట్టి వెలుగు చూసిన సెల్ మసక వెలుగుకు అలవాటుపడటానికి సమయం తీసుకుంటుంది, అందుకే చీకటి చోట్ల ముల్లు నిలిచేదాకా ఆగాలి. కానీ ఆరుబయట, పొద్దుటి ఎండలో నిలబడి తీసిన పడవకు అది వర్తించదు.

కళ్ళజోడు

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను, మూడు ప్రశ్నలు అడగాలనుంది. ఆ ఏడు ఫ్రేములు తీసినప్పుడు సూర్యుడు మీకు ఎటువైపు ఉన్నాడు? మీరు కళ్ళద్దాలు పెట్టుకుంటారా? ఏ కంటితో చూస్తారు?

అలలంచు

ఫ్రేములు ముందు పెట్టుకుని గుర్తు చేసుకుంటున్నాను. సముద్రం తూర్పున, పడవలు నాకు వాయవ్యంగా, కాబట్టి సూర్యుడు నా వెనుక, కుడి భుజం మీదుగా ఉన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుంటాను. కుడి కన్ను.

కళ్ళజోడు

అయితే మీ మీటరు అబద్ధం చెప్పడం లేదు, మీ వెనకనున్న వెలుగును కూడా కలిపి చెబుతోంది.

మల్టీమీటర్ గారు మొదట్లోనే ఒక మాట రాశారు, ఆ రెండు సెల్స్ ఉన్నది కంటిద్దానికి అటూ ఇటూ అని. లెన్సులోంచి వచ్చే వెలుగు ఫోకసింగ్ తెర మీద పడి ప్రిజం గుండా వాటిని చేరుతుంది. కంటిద్దంలోంచి లోపలికి దూరిన వెలుగు కూడా కొంత అక్కడికే చేరుతుంది. అద్దాలు లేనివారి కనుబొమ, చెంప ఆ కంతను దాదాపు మూసేస్తాయి. మనలాంటివారికి కళ్ళజోడుకూ కెమెరాకూ మధ్య వేలెడంత సందు ఉంటుంది. సూర్యుడు నేరుగా వెనక ఉంటే తల అడ్డం వస్తుంది కాబట్టి బతికిపోతాం. సూర్యుడు కిందుగా, భుజం మీదుగా ఏటవాలుగా ఉంటే, అందులోనూ కుడి కంటితో చూసేవారికి కుడి భుజం వైపు ఉంటే, వెలుగు నేరుగా ఆ సందులో దూరుతుంది. మాడ వీధుల్లో మీ వెనక ఇళ్ళున్నాయి, అంత కిందుగా ఎండ పడదు. గోడ పరీక్షలప్పుడు సూర్యుడు నడినెత్తిన ఉండి ఉంటాడు, రాత్రి అసలు లేడు.

ఇది ఊహ మాత్రమే, తేల్చడం చాలా సులభం. పొద్దున ఏడింటికి అలాగే నిలబడి, కెమెరాను స్టాండు మీద బిగించి, ఏదైనా ముదురు గోడ మీద ముల్లు మధ్యలోకి తెండి. ఇప్పుడు దేనినీ ముట్టుకోకుండా కుడి అరచేతిని కంటిద్దం పక్కన గొడుగులా అడ్డం పెట్టండి. ముల్లు పడిపోతే నేను చెప్పింది నిజం.

చీకటిగది

నలభై ఏళ్ళుగా కెమెరా పడుతున్నాను, నాకు ఇది తట్టలేదు. నాకు కళ్ళద్దాలు లేకపోవడమే కారణం కావచ్చు. రేపటి ఫలితం కోసం ఎదురుచూస్తాను.

అలలంచు

కాశిమేడు దాకా వెళ్ళకుండా మా మేడ మీదే, సూర్యుణ్ణి కుడి భుజం మీద పెట్టుకుని చేశాను. ముల్లు మధ్యలో ఉంది. చెయ్యి అడ్డం పెట్టగానే అది కిందికి జారింది. చెయ్యి తీస్తే మళ్ళీ మధ్యకు వచ్చింది. పదిసార్లు చేశాను, పదిసార్లూ అంతే. చెయ్యి అడ్డం ఉంచి ముల్లును మధ్యకు తేవాలంటే షట్టర్‌ను 1/250 నుంచి 1/125కు, ఆపైన ఎపర్చర్‌ను ఇంకో అర స్టాపు తెరవవలసి వచ్చింది. అంటే స్టాపున్నర.

కళ్ళజోడు గారూ, ఈ మాట చెప్పడానికి మీకు మూడు ప్రశ్నలే పట్టాయి. నాకు మూడు రీళ్ళు పట్టాయి.

కళ్ళజోడు

సంతోషం. నాకు ఇది తెలిసింది లాల్‌బాగ్ గుట్ట మీద, ఒక రీలంతా పోయిన తర్వాతే. అప్పటి నుంచి మీటరు చూసేటప్పుడు ఎడమచేత్తో లెన్సు కింద కెమెరాను మోస్తూ, కుడి అరచేతిని కంటి పక్కన ఉంచి ముల్లు సరిచేసి, తర్వాతే ఆ చేతి వేలిని బటన్ మీదికి తీసుకెళ్తాను. ఓఎం కెమెరాలకు కంటిద్దం మీద తగిలించే రబ్బరు గిన్నె కూడా ఉంది, దొరికితే తప్పక పెట్టుకోండి.

లాల్‌బాగ్_రీలు

కెమెరాను స్టాండు మీద పెట్టి కన్ను దూరంగా ఉంచి మీటరు చూసేవారికి కళ్ళద్దాలు లేకపోయినా ఇదే గతి పడుతుందని ఇప్పుడు అర్థమవుతోంది. నేను రాత్రి వీధిదీపాల కింద తీసినవి కొన్ని ఎందుకు చీకటయ్యాయో ఇప్పటిదాకా తెలియలేదు, దీపం నా వెనకే ఉండేది.

కేవెయ్యి

ఈ విషయంలో నా కే1000కు కూడా మినహాయింపు లేదు, దాని సెల్స్ కూడా కంటిద్దం పక్కనే. ఈ ఆదివారం బీసెంట్ నగర్ తీరంలో చెయ్యి అడ్డం పెట్టి చూస్తాను.

అలలంచు

నాలుగో రీలు ఈ రోజు చేతికి వచ్చింది. కాశిమేడులో అదే చోట, అదే వేళకు, సూర్యుణ్ణి అదే భుజం మీద పెట్టుకుని ఇరవై ఫ్రేములు తీశాను, ప్రతిదానికీ అరచేయి అడ్డం పెట్టాను. ఒక్కటి తప్ప అన్నీ నిండుగా వచ్చాయి, ఆ ఒక్కటి నేను తొందరపడి చెయ్యి పెట్టడం మరచిపోయినది. పదకొండో ఫ్రేములో వల అల్లుతున్న పెద్దాయన వేళ్ళ మధ్య నీడలో నైలాను పోగులు కూడా విడివిడిగా లెక్కపెట్టవచ్చు. దాన్ని ప్రింటు వేయించి బాబాయికి పంపాను. అట్టలో ఇంకా అయిదు సెల్స్ ఉన్నాయి, వాటి స్టిక్కర్లు తీయలేదు, ఇప్పుడు వాడుతున్నదాని తేదీ రాసిన చిన్న కాగితం ముక్క కెమెరా అడుగున అంటించాను.